గిన్నె ఒకరిది, మూత ఒకరిది

మన ఇళ్ళల్లో సామాను వయసు చెప్పడానికి పురావస్తుశాఖవారు రానక్కర్లేదు. ఏ గిన్నె తిరగేసినా చరిత్రే. "మేనత్త ఆశీస్సులతో" అని ఒక వరస, కింద తారీకు. స్టీలు సామాన్ల కొట్టు అరుగు మీద కూచుని టకటకలాడిస్తూ పేర్లు కొట్టే కుర్రాడు ఎన్ని వంశవృక్షాలు రాసి ఉంటాడో! మా ఇంట్లో ఒక టిఫిను కారియరు ఉంది. పైగిన్నె మీద మా అత్తగారి పేరు, 1968. మధ్య గిన్నె మీద ఆవిడ తోడికోడలి పేరు, 1974. అడుగు గిన్నె మీద ఎవరివో తెలియని పొడి అక్షరాలు. అది ఏ పెళ్ళి పందిట్లో మారిపోయిందో, మనది ఎవరింట్లో పులుసు మోస్తోందో భగవంతుడికే తెలియాలి. ఇప్పుడు ఆ కారియరు వయసెంత అని ఎవరైనా అడిగితే ఏం చెబుతాం?

సరిగ్గా ఇదే చిక్కు పాత మిలిటరీ రైఫిళ్ళతోనూ ఉంది. "తుపాకుల గొడవ మనకెందుకమ్మా" అని పేజీ తిప్పేయకండి. గిన్నెల సంగతి తెలిసినవాళ్ళకి ఇదేమంత బ్రహ్మవిద్య కాదు.

నాకీ పిచ్చి బి.ఏ. చదివేటప్పుడు ఎన్.సి.సి. వల్ల పట్టుకుంది. ఆడపిల్లల ఎన్.సి.సి. మన దేశంలో 1949 నుంచీ ఉంది కనక, మీలోనూ కొందరు చేసే ఉంటారు. పెరేడుకిచ్చే రైఫిళ్ళ మీద 'డి.పి.' అని ముద్ర ఉంటుంది. డ్రిల్లుకి మాత్రమే అని దానర్థం. పేలకుండా చేసేసిన తుపాకులన్నమాట. పేలుడు తీసేశారు గాని బరువు తియ్యలేదు మహానుభావులు! దగ్గర దగ్గర 4 కిలోలు. గంటసేపు భుజాన మోస్తే ఆ రాత్రి జడ వేసుకోవడానికి చెయ్యి లేచేది కాదు. నిజంగా కాల్చడానికిచ్చేది పాయింటు టూటూ. పాతిక గజాల దూరంలో కాగితం, నేల మీద బోర్లా పడుకుని అయిదు గుళ్ళు. అయిదూ ఎంత దగ్గర దగ్గరగా పడితే అంత గొప్ప. దాన్ని గ్రూపింగు అంటారు.

ఈ పాయింటు టూటూల్లో కొన్నిటిది తమాషా పుట్టుక. పెద్ద యుద్ధపు రైఫిలు ఒంటిలోనే సన్నని గొట్టం అమర్చి, ఖర్చు తక్కువ గుండుతో గురి నేర్పడానికి తయారుచేసినవి. కింద మేగజైను ఉంటుంది గాని అందులో గుళ్ళుండవు. గుండు ఒక్కొక్కటే పైనుంచి చేత్తో పెట్టాలి. కాలిన ఖాళీ తొడుగులు ఆ మేగజైనులో రాలిపడతాయి. అంటే గుళ్ళపెట్టె కాస్తా చెత్తబుట్ట అయిందన్నమాట. అలాంటి రైఫిలు కుడిపక్క 1917 అని ఉండొచ్చు. కానీ 1917లో అది పాయింటు టూటూ కాదు, త్రీ నాట్ త్రీ. ఒళ్ళు ఒకప్పటిది, ఉద్యోగం ఒకప్పటిది.

ఈ భేదాలన్నీ నాకు చెప్పినవాడు మా అమ్మకి వేలు విడిచిన తమ్ముడు. సైన్యంలో ఆర్మరరుగా చేసి రిటైరయ్యాడు. ఆర్మరరంటే తుపాకుల వైద్యుడు అనుకోండి. మనదేశంలో త్రీ నాట్ త్రీ రైఫిలు మామూలు జనం ఉంచుకోకూడదు కనక, ఆయన పాఠమంతా మా వంటింట్లో అప్పడాలకర్ర పట్టుకుని జరిగేది. ఇదిగో గొట్టం, ఇదిగో బోల్టు, ఇదిగో ముక్కుటోపీ అంటూ ఆయన చూపిస్తుంటే, అప్పడాలు వత్తాలిరా బాబూ, కర్ర ఇవ్వరా అని అమ్మ గోల.

మన సైన్యంలోనూ పోలీసుల్లోనూ తరాలపాటు తిరిగిన ఈ రైఫిలు పేరు లీ ఎన్‌ఫీల్డు. 1907లో వచ్చిన మూడో మార్కు అన్నిటికంటె ప్రసిద్ధం. బోల్టు పిడి కిందికి వాలేచోట, వెనక కర్ర లోహంలో కూచునే దగ్గర, కుడివైపు ఒక పట్టీ ఉంటుంది. జాతకం అంతా అక్కడే. పైన కిరీటం, కింద రాజు పేరు పొడి అక్షరాలు, దాని కింద ఫ్యాక్టరీ, సంవత్సరం, మార్కు. ఇ.ఆర్. అంటే ఎడ్వర్డు, 1910 దాకా. జి.ఆర్. అంటే జార్జి. రెండో యుద్ధం నాటి మన ఇషాపూర్ రైఫిళ్ళ మీద జి.ఆర్.ఐ. అని ఉంటుంది. ఆ 'ఐ' అంటే ఇంపరేటర్, చక్రవర్తి అని. హుగ్లీ ఒడ్డున కార్మికుడు చెమటోడ్చి చేసిన తుపాకి మీద కూడా చక్రవర్తిగారి బిరుదే. తర్వాత స్వతంత్రం వచ్చి ఆ చోట్లోకి మన అశోకుడి సింహాలు వచ్చాయి. ఆ మార్పు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. పోనిద్దురూ, అది వేరే కథ.

ఇంగ్లండులో చేసినవాటి మీద బి.ఎస్.ఎ. అని కనబడుతుంది. మన తాతలు తొక్కిన సీమ సైకిలు బి.ఎస్.ఎ.నే! ఆ సైకిళ్ళ మీద మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన బొమ్మ ఎందుకుండేదో ఇప్పుడు తెలిసింది కదా. 1861లో తుపాకుల వ్యాపారంగా పుట్టిన సంస్థ అది. 1940 నవంబరులో బర్మింగ్‌హామ్‌లోని ఆ ఫ్యాక్టరీ మీద బాంబులు పడి 53 మంది పనివాళ్ళు పోయారు. ఆ యుద్ధకాలంలో ఫ్యాక్టరీల పేర్లు శత్రువుకి తెలియకూడదని సంకేతాలు కొట్టేవారు. నాలుగో నంబరు రైఫిలు మీద 'ఎం 47 సి' అని ఉంటే, అది బి.ఎస్.ఎ. వారి షర్లీ ఫ్యాక్టరీలోదని అర్థం. మొదటి అక్షరం ఎం అయితే మధ్య ఇంగ్లండు, ఎన్ అయితే ఉత్తరం, ఎస్ అయితే దక్షిణం. పూర్వం మన పెద్దవాళ్ళు మొగుడి పేరు చెప్పకుండా "చిత్తూరి చినబాబు గారి బావగారు" అన్నట్టు లేదూ! అమెరికాలో చేయించినవాటికి 'యు.ఎస్. ప్రాపర్టీ' అని చెక్కి ఉంటుంది. అరువు సొమ్ము అని గుర్తుండడానికి కాబోలు.

ఇంతవరకూ సుఖంగానే ఉంది. అసలు గొడవ ఇక్కణ్ణుంచి. కుడిపక్క కొట్టిన ఆ సంవత్సరం ఒంటిది మాత్రమే. గొట్టానికి దాని తారీకు దానికుంటుంది. ఒంటికి వేసిన నంబరే బోల్టు పిడి మీద, గొట్టం మీద, ముక్కుటోపీ మీద, కర్ర మీద, వెనక సైటు రేకు అడుగున కూడా ఉండాలి. అన్నీ ఒకటే అయితే, ఒక్క కడుపున పుట్టినవే అన్నమాట. సాధారణంగా అలా ఉండవు. గొట్టం అరిగిపోతే కొత్తది వేస్తారు. కర్ర పగిలితే ఇంకో చచ్చిపోయిన తుపాకి కర్ర తెచ్చి, దాని నంబరు కొట్టేసి ఈ నంబరు వేస్తారు. ఇంగ్లండులో మొత్తం విప్పి బాగుచేశాక 'ఎఫ్.టి.ఆర్.' అని, ఆ సంవత్సరమూ వేసేవారు. అంటే పెద్ద ఆపరేషను అయిందని ఒంటిమీద కుట్లు. కర్రనిబట్టి కూడా చెప్పొచ్చు. పాతవి వాల్‌నట్టు, యుద్ధం ముమ్మరంలోవి బీచి కర్ర, ఆస్ట్రేలియావాళ్ళవి వాళ్ళ దేశపు కర్ర. మన ఇషాపూర్‌వాళ్ళు ముందుకర్ర చీలిపోకుండా అడ్డంగా ఒక మర బిగించేవారు. ఆ మర కనబడితే, ఆ రైఫిలు కుడిపక్క ఎన్‌ఫీల్డు అని ఉన్నాసరే, హుగ్లీ నీళ్ళు తాగిందనే లెక్క.

ఇన్ని తారీకుల్లో ఏది నమ్మాలి అని అడిగాను మావయ్యని. ఆయన పెద్దగా ఆలోచించకుండానే చెప్పాడు: "పాతది కొత్తదాంట్లోకి రావచ్చే అమ్మాయ్. కొత్తది పాతదాంట్లోకి పోలేదు. అన్నిటికంటె చిన్న వయసుదాన్ని పట్టుకో. దానికంటె ముందు ఈ రూపం లేదు." ఇంతకంటె తేలిక లెక్క ఏముంటుంది చెప్పండి! అమ్మమ్మ ముక్కుపుడక మనవరాలి పెళ్ళి ఫోటోలో ఉండొచ్చు. మనవరాలి చేతిగడియారం అమ్మమ్మ పెళ్ళి ఫోటోలో ఉండదు.

మామూలు సిపాయి రైఫిలులో భాగాలు పాడైతేనే మారతాయి. టార్గెట్టు కాల్చేవాళ్ళది అలా కాదు, బాగున్నదాన్ని కూడా మారుస్తారు. ఎంత బాగున్నా ఇంకా బాగుండాలి వాళ్ళకి. గురి తప్పితే సైటు మారుస్తారు, అయినా తప్పితే గొట్టం మారుస్తారు. తాము మారాలని మాత్రం తోచదు. ఇంగ్లండులో బిస్లీ అనే చోట 1890 నుంచి రైఫిలు పోటీలు జరుగుతున్నాయి. అంతకుముందు వింబుల్డన్‌లో. 1860లో అక్కడ మొదటి గుండు కాల్చింది సాక్షాత్తూ విక్టోరియా మహారాణి! రైఫిలుని ముందే గురిపెట్టి స్టాండుకి బిగించేస్తే, ఆవిడ పట్టుతాడు లాగిందిట. గుండు సరిగ్గా వెళ్ళి మధ్యలో తగిలింది. తగలకేం చేస్తుంది పాపం.

ఈ బిస్లీ వాళ్ళ రైఫిళ్ళు చూస్తే సైన్యం సైటు పోయి, చిన్న చిల్లులోంచి చూసే పార్కర్ హేల్‌వారి సైటు ఉంటుంది. గొట్టం కింద కర్ర ఎక్కడ తగలాలో, ఎక్కడ తగలకూడదో చూసి పల్చని ప్యాకింగు పెట్టి సర్దుతారు. వానకి కర్ర ఉబ్బినా, ఎండకి ముడుచుకున్నా వెయ్యి గజాల దూరంలో గుండు ఎక్కడికో పోతుంది మరి. ఈ సర్దుబాటులో ఘనులు బిస్లీలో దుకాణం పెట్టుకున్న ఫుల్టన్‌లు. వాళ్ళ చెయ్యి పడిన రైఫిలు మీద 'రెగ్యులేటెడ్ బై ఫుల్టన్' అని ముద్ర. సైన్యం ముద్రలన్నిటి మధ్యా ఆ ఒక్క ముక్క కనబడిందా, ఈ తుపాకి యుద్ధం మాని పందేల్లోకి వచ్చిందని తెలిసిపోతుంది.

1930లో అక్కడి కింగ్స్ ప్రైజు గెలిచింది ఎవరనుకున్నారు? మార్జొరీ ఫాస్టర్ అనే ఆడమనిషి. కోళ్ళఫారం నడుపుకునే ఆవిడ! సైన్యపు అధికారుల్నీ, పేరుమోసిన షూటర్లనీ దాటి ఒక్క పాయింటు తేడాతో నెగ్గింది. అంతకుముందు ఏ ఆడదీ ఆ బహుమతి గెలవలేదు. గెలిచినవాళ్ళని కుర్చీలో కూచోబెట్టి భుజాల మీద మోసుకెళ్ళడం అక్కడి ఆచారం. ఆవిడనీ మోశారు. కోళ్ళకి గింజలు వేసే చెయ్యి వెయ్యి గజాల దూరంలో ఎందుకు వణకలేదో ఆ మగమహారాజులకి ఎవరైనా చెప్పి ఉంటారా అని నాకో అనుమానం.

టార్గెట్టు రైఫిళ్ళన్నిట్లోకి మా టిఫిను కారియరుకి దగ్గర చుట్టం ఒకటుంది. దాని పేరు ఎల్ 39 ఏ 1. 1970 ప్రాంతాల బ్రిటిషు సైన్యం పోటీలకని చేయించుకున్నది. అప్పటికి త్రీ నాట్ త్రీ గుండు పోయి 7.62 మిల్లీమీటర్ల గుండు వచ్చింది. వాళ్ళు కొత్త రైఫిలు చెయ్యలేదు. పాత నాలుగో నంబరు ఒళ్ళు తీసుకుని కొత్త బరువు గొట్టం బిగించి, ముందుకర్ర సగానికి కోసేశారు. మరి మేగజైను? చాలావాటికి పాత త్రీ నాట్ త్రీదే ఉంచేశారు. పోటీల్లో గుండు ఒక్కొక్కటే పెట్టి కాలుస్తారు కనక, పళ్ళెంలాగా అడుగున అదుంటే చాలు. మేగజైను చూసి త్రీ నాట్ త్రీ అనుకున్నారో, మోసపోయారే! మనవాళ్ళు దీనికి సరిగ్గా ఎదురు పని చేశారు. 1962 చైనా యుద్ధం తర్వాత ఇషాపూర్‌లో 2ఎ అని ఒక రైఫిలు తయారైంది. చూడ్డానికి అచ్చం 1907నాటి మూడో మార్కే. కానీ ఒంటితో సహా కొత్తగా చేసినది, 7.62 గుండుకి. పలకలుగా ఉన్న మేగజైను చూసి గుర్తుపట్టాలి. పాత ఒంటికి కొత్త వేషం అక్కడ, కొత్త ఒంటికి పాత వేషం ఇక్కడ.

ఈ పరిజ్ఞానం నాకు ఒక్కసారే పనికొచ్చింది. 2014లో. మొదటి ప్రపంచయుద్ధానికి నూరేళ్ళయిందని ఎక్కడ చూసినా సభలు, సంచికలు. మన గోదావరి జిల్లాలనుంచి ఆ యుద్ధానికి వెళ్ళినవాళ్ళు తక్కువేం కాదు. మాధవరానికి మిలిటరీ మాధవరమనే పేరే ఉంది. మా అమ్మావాళ్ళది వేరే ఊరు. అక్కడి కుర్రాళ్ళూ ఒక సంచిక వెయ్యాలనుకున్నారు. ఊరినుంచి యుద్ధాలకి వెళ్ళినవాళ్ళ ఫోటోలు కావాలన్నారు.

మా పెద్దమ్మమ్మ దగ్గర ఒక ఫోటో ఉంది. అమ్మమ్మకి అక్క ఆవిడ. ఎనభై ఎనిమిదేళ్ళు అప్పటికి. మొగుడు 1942లో సైన్యంలోకి వెళ్ళాడు, 1944లో బర్మాలో పోయాడు. ఇద్దరూ కలిసి బతికింది ఏడాది కూడా లేదు, పిల్లల్లేరు. ట్రైనింగులో ఉండగా తీయించుకుని పోస్టులో పంపిన ఫోటో అది ఒక్కటే. ఎడంచేత్తో రైఫిలు, పక్కన బల్ల మీద చిన్న కప్పు. గురి పందెంలో గెలిచాట్ట.

ఆవిడ మామగారు మొదటి యుద్ధంలో బస్రా వెళ్ళొచ్చినవాడు. తండ్రీకొడుకులది ఒకటే ముక్కు, ఒకటే మీసం. ఆవిడ మరిది కొడుకు ఫోటో పట్టుకెళ్ళి, "ఇది మా తాతదే" అన్నాడు. పెద్దమ్మమ్మ కాదంది. "దొడ్డమ్మకి మతిమరుపు" అన్నాడు. దానికి తోడు తుపాకుల సంగతి ఎక్కడో చదివిన ఒక మేష్టారు భూతద్దం పెట్టి చూసి ఒక సాక్ష్యం కూడా చెప్పాడు. రైఫిలు ఎడమపక్క కర్రకి గుండ్రటి బిళ్ళ ఒకటి ఉంది. దూరాన గుంపుల మీద అందరూ కలిసి గుళ్ళు కురిపించడానికి పెట్టిన సైటు అది. 1916లో మార్కు పక్కన చుక్క పెట్టిన కొత్తరకం వచ్చినప్పుడు ఆ బిళ్ళ మానేశారు. కాబట్టి ఇది మొదటి యుద్ధంనాటి ఫోటోయే, అనుమానం లేదు, అచ్చుకి పంపేద్దాం అన్నారు.

మేష్టారు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఆ బిళ్ళ పాతదే. కానీ పాతది కొత్తదాంట్లోకి రావచ్చుగా! నేను ఆ ఫోటోని సెల్‌ఫోన్లో తీసి మావయ్యకి చూపించాను. ఆయన రైఫిలు వంక చూడనైనా చూడలేదు. బెల్టుకి వేలాడే బాయొనెట్టు ఒర చూశాడు. "కొలు" అన్నాడు.

1907 నాటి బాయొనెట్టు అలుగు 17 అంగుళాలు. రెండో యుద్ధంలో మన ఇండియాలో దాన్ని 12 అంగుళాలకి కుదించారు. కొత్తవి పొట్టిగా చెయ్యడమే కాదు, పాత పొడుగువాటిని కూడా కోసి పొట్టివి చేశారు. మొదటి యుద్ధంలో ఈ పొట్టిది లేనేలేదు. రైఫిలు పొడవు నలభై నాలుగున్నర అంగుళాలని తెలుసు కనక, ఫోటోలో రైఫిలు ఎంతుందో చూసి లెక్క కట్టొచ్చు.

మర్నాడే బస్సెక్కి ఊరు వెళ్ళాను. పెద్దమ్మమ్మ ఇంటి అరుగు మీద అందరి ఎదటా చీపురుపుల్లతో కొలిచాం. ఫోటోలో రైఫిలు సరిగ్గా 9 సెంటీమీటర్లు. పొడుగు ఒర అయితే మూడున్నర దాటాలి. పొట్టిదయితే రెండున్నర పైచిలుకు. పుల్ల తుంచి స్కేలు మీద పెడితే రెండున్నర మీద ఒక గీత. మేష్టారు బుద్ధిమంతుడు, తనే మళ్ళీ ఒకసారి కొలిచి, తలూపాడు. "అయితే పెదనాన్నే" అన్నాడు మరిది కొడుకు నెమ్మదిగా. ఆయన మొహం చూస్తే నాకు గెలిచినట్టేమీ అనిపించలేదు. వాళ్ళ తాతకి ఉందనుకున్న ఒక్క ఫోటో పోయింది కదా మరి.

నాకు కోపం వచ్చింది ఇంకోందుకు. డెబ్బై ఏళ్ళకి పైగా ఆ ఫోటో దిండుకింద పెట్టుకు పడుకున్న మనిషి, "ఆయన" అని చెబితే చెల్లలేదు. బెల్టుకి వేలాడే ఒర చెబితే చెల్లింది. ఈ మాట అక్కడ పైకి అనలేదు, ఇక్కడ అంటున్నాను.

పెద్దమ్మమ్మ మాత్రం ఈ కొలతల్లో ఏమీ పట్టించుకోలేదు. ఫోటో తిరిగి చేతిలోకి వచ్చేదాకా గుమ్మంలో కూచుని, రాగానే కొంగుతో తుడిచి లోపలికి పట్టుకుపోయింది.

సంచిక సంక్రాంతికి అచ్చయింది. మరిది కొడుకే స్వయంగా తెచ్చి ఇచ్చి, కాఫీ తాగి వెళ్ళాడు. రెండో యుద్ధం పేజీలో ఫోటో, కింద పేరు, 1942, 1944, బర్మా. మొదటి యుద్ధం పేజీలో ఆయన తండ్రి పేరు, బస్రా అని. పక్కన ఫోటో కోసం గీసిన చదరం ఖాళీగానే ఉంది, తీసెయ్యడం మరిచారో, కావాలనే ఉంచారో. పెద్దమ్మమ్మకి కళ్ళు ఆనవు. నాచేత ఆ నాలుగు ముక్కలూ రెండుసార్లు చదివించుకుంది.

"కప్పు సంగతి రాయలేదేమే?" అంది.